మోసేవాడు లేని వరి

మెన్సియా చేతికి ఆ పొలాల్లో పేరుంది. సరస్సు ఒడ్డున ఉన్న వరి పరిశోధన మడుల్లో పదిహేడేళ్ళుగా కోతలు కోస్తోంది. ఆమె కోసిన వెన్నులోంచి గింజ రాలిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. మిగతా ఆడవాళ్ళు కొడవళ్ళు పట్టుకుని బారులు తీరితే, ఆమె అరచేతిలో ఇమిడిపోయే చిన్న కత్తితో వరసలోకి దిగుతుంది. ఓ చెక్కముక్క, దానికి అడ్డంగా వేలెడు ఇనుప రేకు, అంతే ఆ కత్తి. వేళ్ళ సందున వెన్నును లాగి రేకుకు ఆనించి మణికట్టు తిప్పితే టిక్కుమని తెగుతుంది. ఒక్కోటీ విడివిడిగా కోయాల్సిందే.

"మానాంగ్, పంట కోస్తున్నావా, పేలు చూస్తున్నావా?" అని పక్క వరసలోంచి సలుద్ ఆటపట్టిస్తుంది. కోసినవాటిని ప్యాకెట్లలో వేసి నెంబర్లు రాయడం సలుద్ పని.

"నీ తలకంటే ఈ మడి నయమే. ఇక్కడ కదిలేవి లేవు" అంటుంది మెన్సియా, తల తిప్పకుండా.

మానాంగ్ అంటే మెన్సియా పుట్టిన కొండల వైపు మాటలో అక్క. పల్లంలో పుట్టినవాళ్ళు కూడా ఆమెను అలాగే పిలవడం మొదలుపెట్టారు. ఆమె సొంత ఊరు ఉత్తరాన కొండల మీద, హింగ్యోన్ దగ్గర. అక్కడ పొలాలు ఒకదాని మీద ఒకటి మెట్లుగా ఎక్కుతాయి. వాళ్ళమ్మ ఆ మెట్లకు విత్తనం ఏరే మనిషి. కోతకు ముందురోజు పొద్దున్నే ఊరంతటికంటే ముందు ఒక్కతే పొలంలో దిగి, వచ్చే ఏటికి కావలసిన వెన్నులు ఏరి తెచ్చేది. ఆ తరవాతే మిగతావాళ్ళ కత్తులు కదలాలి. మెన్సియాకు ఏడేళ్ళు రాగానే అమ్మ వెంట తీసుకెళ్ళింది.

అమ్మ పెద్దగా ఏమీ చెప్పేది కాదు. ఏ వెన్ను తీసుకోవాలో చూపించేది, అంతే. నిటారుగా నిలబడ్డ దుబ్బు కావాలి. వెన్ను మెడ వంగాలి గానీ కాడ వంగకూడదు. నేలకు ఒరిగిన మొక్క ఎంత గింజ పట్టినా దాన్ని దాటి పోవాలి, ముట్టుకోకూడదు. విత్తనపు కట్ట కట్టాక దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, పిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, "రా, ఇంటికి పోదాం" అనేది. ప్రతి ఏడూ అదే మాట. మెన్సియా బడికి వెళ్ళింది మూడేళ్ళు. అమ్మ వెంట విత్తనానికి వెళ్ళింది పద్నాలుగేళ్ళు.

ఆ పద్నాలుగో ఏడే కొండ మీద కొత్త బడి కడుతుంటే కింది పల్లం నుంచి కూలివాళ్ళు వచ్చారు. వాళ్ళలో అన్సెల్మో ఒకడు. మేస్త్రీ కాదు. కింద కలిపిన సిమెంటు మాలును బకెట్లలో నింపుకుని, కావడి వేసుకుని, గోడ మీదున్న మేస్త్రీకి అందించేవాడు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. బడి గోడలు లేచేసరికి మెన్సియా అతని వెంట పల్లానికి వచ్చేసింది.

అతను పోయి ఇప్పటికి రెండేళ్ళు. మెన్సియా వేసుకునే రబ్బరు బూట్లు అతనివే. రెండు సైజులు పెద్దవి. ముందు గుడ్డపీలికలు కూరి వేసుకుంటుంది. కొత్తవి ఇస్తామని ఆఫీసువాళ్ళు రెండుసార్లు అన్నారు. ఇవి ఇంకా బాగానే ఉన్నాయంది.

ఆ అక్టోబరులో మూడో మడిలో పదహారో వరస కోతకొచ్చింది. నలభై దుబ్బులున్న వరస. పొట్ట దశ నుంచే అది అందరికీ నవ్వులాటగా ఉండేది. నలభైలో కొన్ని తప్పతాగినట్టు గాలి లేకపోయినా బురదలో పడుకున్నాయి. వాటి పక్కనే, అదే నారు నుంచి వచ్చినవి, కర్రల్లా నిలబడ్డాయి. ఆ వరస డాక్టర్ ఒడెట్‌ది. ముప్ఫై రెండేళ్ళ శాస్త్రవేత్త, గబగబా మాట్లాడుతుంది, నడుస్తూనే రొట్టె తింటుంది, నడుస్తూనే రాసుకుంటుంది.

"మానాంగ్, ఈ వరసలో ప్రతి దుబ్బు నుంచీ ఒక్కో వెన్ను. కింద జానెడు కాడ ఉండాలి. విత్తనానికి" అని చెప్పి ఒడెట్ గట్టు మీద నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

మెన్సియా వరసలో దిగింది. మొదటిది కోసింది. రెండోది, మూడోది. నాలుగోది నేలమీద ఉంది. కాలెత్తి దాన్ని దాటి, అయిదో దుబ్బు నుంచి రెండు వెన్నులు కోసి ఇచ్చింది. దీనికోసం ఆమె ఆలోచించలేదు. విత్తనం అన్న మాట వినగానే చెయ్యి తనకు తెలిసిన పని చేసుకుపోయింది. నలభై ప్యాకెట్లు నిండాయి. సలుద్ నలభై నెంబర్లు రాసింది. వెనకాలే కొడవళ్ళవాళ్ళు వచ్చి నిలబడ్డవి, పడినవి అన్నీ బెత్తెడు మొదలు వదిలి కోసేశారు. గడ్డి ఎత్తేశారు. గింజంతా పెద్ద కుప్పలో కలిసిపోయింది.

నాలుగు రోజుల తరవాత పొద్దున్నే పాక దగ్గర ఎండుచేప, అన్నం తింటుంటే ఒడెట్ వచ్చింది. నోట్లో రొట్టె లేదు. చేతిలో తెల్ల పళ్ళెం ఉంది. అందులో బిళ్ళలుగా కోసిన వరి కాడ ముక్కలు, నలభై. అన్నీ మందారపు ఎరుపు.

"కాడను నిలబెట్టే గట్టి పదార్థం ఒకటుంటుంది, లిగ్నిన్ అంటాం. కలపలో ఉండేదీ అదే. అది ఉన్నచోట ఈ మందు ఎర్రగా అంటుకుంటుంది. తక్కువైతే పాలిపోయి ఉంటుంది" అంది ఒడెట్. "ఈ వరసలో పాలిపోయినవి కొన్ని రావాలి. ఒక్కటీ రాలేదు. సలుద్, ప్యాకెట్లు వేరే వరసతో కలిసిపోయాయా?"

సలుద్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నెంబర్లు నేను రెండుసార్లు చూసుకున్నాను మ్యామ్."

"మరి ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

సలుద్‌కు అది తెలీదు. పళ్ళెం కేసి చూస్తున్న మెన్సియాకు తెలుసు. ఆమె నోరు మూసుకుంటే ఆ తప్పు ప్యాకెట్ల మీదే ఉండిపోతుంది. చెయ్యి కడుక్కుని లేచింది.

"సలుద్ రాసింది సరిగ్గానే ఉంది. నేను కోసింది సరిగ్గా లేదు. పడినవాటిని దాటేశాను. పక్కవాటి నుంచి రెండేసి కోసి నలభై చేశాను."

ఒడెట్ ఆమె వైపు తిరిగింది. "ప్రతి దుబ్బు నుంచీ అని చెప్పాను మానాంగ్."

"చెప్పావు. విత్తనానికి అని కూడా చెప్పావు. చెవి నీ మాట విన్నది, చెయ్యి మా అమ్మ మాట విన్నది."

"నాకు పడినవే కావాలి. అవి ఎందుకు పడతాయో తేల్చడానికే ఈ వరస వేసింది." ఒడెట్ పళ్ళెం బల్లమీద పెట్టి కూర్చుంది. ఎప్పుడూ కూర్చోని మనిషి. "నిలబడ్డవాటిలో కూడా ఆ లోపం కొన్నింట్లో దాగి ఉంటుంది. మళ్ళీ విత్తితే మళ్ళీ పడేవి పుడతాయి. కానీ నాలుగు నెలలు పడుతుంది. డిసెంబరు ఆఖరుకు పడిన మొక్కల గింజ చేతిలో లేకపోతే ఈ పని మూసేస్తామని పైవాళ్ళు చెప్పేశారు. అడిగి అడిగి తెచ్చుకున్న గడువే అది."

మెన్సియా వేళ్ళు లెక్కపెట్టుకుంది. ఆమెకు నెలల లెక్క ఎప్పుడూ వరి లెక్కే.

"మొదళ్ళున్నాయిగా" అంది.

"ఏం మొదళ్ళు?"

"కోసిన మొదళ్ళు. తడి ఉంటే మళ్ళీ పిలక వేస్తాయి. మా ఊళ్ళో పై మెట్టు మీద అమ్మ నీళ్ళు తియ్యకుండా ఉంచేది. యాభై రోజులకు గింజ. చిన్నదే అనుకో. పిల్లలం వేయించుకు తినేవాళ్ళం."

"ఆ సంగతి నాకూ తెలుసు" అంది ఒడెట్ మెల్లగా, కానీ లేచి నిలబడింది. "మడి మధ్యాహ్నం దున్నుతారు. తరవాతి పంటకు వేరేవాళ్ళకు ఇచ్చేశారు. దుబ్బులు పెకలించి ఎక్కడ పెడతాం? మొక్కలకు వల కప్పిన పాకలో ఉన్న బకెట్లన్నీ నిండి ఉన్నాయి."

"మా ఇంట్లో పన్నెండున్నాయి."

"పన్నెండు బకెట్లలో నలభై దుబ్బులా? కోసేశాక అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఏది పడిందో ఏది నిలబడిందో ఎలా తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది" అంది మెన్సియా.

మూడో మడి గట్టెక్కేసరికి రెండో మడి నిండా బాతులు. ఆరువందల బాతులు ఒక్కసారి మాట్లాడితే పక్క మనిషి మాట వినపడదు. వాటి వెనక బాతుల కాపరి దిగోయ్, పెద్దవాడని అందరూ మాంగ్ దిగోయ్ అనేవాడు, పొడవాటి వెదురు గడ చివర నీలం సంచి కట్టుకుని, సిగరెట్టు కాలుస్తూ వస్తున్నాడు. కోసిన పొలాల్లో రాలిన గింజలు మేపుకోవడం అతని వాటా. తరవాత దింపబోయేది మూడో మడిలోకే.

మెన్సియా ఆ పెద్ద బూట్లతో తూము దగ్గర అడ్డంగా నిలబడింది.

"మాంగ్ దిగోయ్, నీ సంతానాన్ని ఇటు దింపకు."

"కోత అయ్యాక మడి నా బాతులది మానాంగ్. అది ఒప్పుకున్న మాట. కావాలంటే డజను ఉప్పు గుడ్లు తీసుకో, మడి మాత్రం అడక్కు."

"నీ గుడ్లు నువ్వే పెట్టుకో. గంటసేపు ఆపు."

"బాతుకు గంటలు తెలీవు. ఆకలి తెలుసు."

"నీకు తెలుసుగా గంటంటే. వాటికి చెప్పు."

"ఇంట్లో మా ఆవిడే నా మాట వినదు. ఇవి వింటాయా?"

"మాటతో పనేముంది? ఇంట్లో లాగే గుమ్మంలో అడ్డంగా నిలబడు, చాలు."

సలుద్ నవ్వాపుకోలేకపోయింది. దిగోయ్ కూడా నవ్వుతూనే గడ అడ్డం పెట్టాడు. నీలం సంచి చూసి ముందు బాతు ఆగింది. దాని వెనక ఆరువందలూ ఒకదాన్నొకటి గుద్దుకుని, తిట్టుకుని, ఆగాయి.

మెన్సియా పదహారో వరస మొదట్లో గొంతుక్కూర్చుంది. మొదటి దుబ్బులో ఒక మొదలును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కింది. పెన్సిలులా ఎదురు నిలిచింది. మరోటి నొక్కింది, అదీ అంతే. "ఇది కాదు." రెండోది, మూడోది కాదు. నాలుగోది వేళ్ళ మధ్య పచ్చి ఉల్లికాడలా అణిగిపోయింది. "ఇది. కట్టు." సలుద్ దాని పక్కన పుల్ల గుచ్చి ఎర్ర పీలిక కట్టింది.

"ఆ గట్టి పదార్థం వీటిలో తయారే అవదా?" అని అడిగింది మెన్సియా, చెయ్యి ఆపకుండా.

ఒడెట్ పక్కనే బురదలో మోకాళ్ళ మీద కూర్చుంది. "అవుతుంది. చిత్రమంతా అక్కడే ఉంది. నారుగా ఉన్నప్పుడే కొన్నింటిని కోసి చూశాను. కాడ ఎన్నో చిన్న చిన్న గదులు కలిస్తే అయింది. ఒక్కో గదిలో గోడకు కావలసిన ముడిసరుకు పుష్కలంగా ఉంది. గోడలు మాత్రం పల్చగా ఉన్నాయి. లోపలిది గోడ దాకా చేర్చే పని కొన్ని జన్యువులది. ఈ మొక్కల్లో ఆ జన్యువు ఒకటి చెడిందని నా అనుమానం. కొత్త లక్షణాల కోసం విత్తనానికి కిరణాలు కొడతాం, అప్పుడు చెడి ఉంటుంది."

మెన్సియా వేళ్ళు అప్పుడు ఆగాయి. "అంటే కింద మాలు కలిపి ఉంది. గోడ మీద మేస్త్రీ ఉన్నాడు. మోసేవాడు రాలేదు."

"అంతే" అంది ఒడెట్. తరవాత మళ్ళీ అంది, "సరిగ్గా అంతే మానాంగ్. దీనికి నేను ఇరవై పేజీలు రాశాను."

"మా ఆయన పని అదే."

అన్సెల్మో ముప్ఫై ఏళ్ళు మాలు మోశాడు. రెండు బడులు, ఒక గంటల గోపురం, మార్కెట్టు, లెక్కలేనన్ని ఇళ్ళు. కట్టించినవాళ్ళ పేర్లు, మేస్త్రీల పేర్లు చెక్కారు కొన్నిచోట్ల. దారిన పోతూ అతను మాత్రం ఒక్కో గోడను చూసి, ఇదెంత ఎత్తో నా భుజానికి తెలుసు అనేవాడు. చివరి తొమ్మిది నెలలు మంచం మీదే పడి ఉన్నాడు. రోజూ పొద్దున ఒకవైపు, సాయంత్రం ఒకవైపు ఆమే తిప్పి పడుకోబెట్టింది. పడిన మనిషిని ఒక్క పూట కూడా దాటి పోలేదు. అలాంటిది ఈ వరసలో కాలెత్తి దాటుకుంటూ పోయింది. ఆ చేతిని ఒకసారి చూసుకుని, బురద తుడుచుకుని, మళ్ళీ నొక్కడం మొదలుపెట్టింది.

ఇరవై తొమ్మిదో దుబ్బు దగ్గర అనుమానం వచ్చింది. కోతవాళ్ళెవరో తొక్కేశారు, మొదళ్ళు చితికి ఉన్నాయి. చిన్న కత్తి తీసి ఒక మొదలును అడ్డంగా కోసింది. గట్టి కాడైతే టిక్కుమంటుంది. చప్పుడు సగమే వచ్చింది. "ఇదీ కట్టు" అంది, కొంచెం ఆలోచించి. వరస చివరికి వచ్చేసరికి గట్టు మీద దిగోయ్ రెండో సిగరెట్టు పారేశాడు.

"ఎన్ని?" అంది ఒడెట్.

"పదకొండు."

ఒడెట్ తన నోటుపుస్తకం తెరిచి చూపించింది. వేసవిలో నారు పోయకముందే రాసుకున్నది: పడేవి పదికి అటూ ఇటూ. మెన్సియా చదవకపోయినా ఆ అంకె గుర్తుపట్టింది. ఆశ్చర్యపోలేదు. బకెట్ల కోసం ఇంటికి బయల్దేరింది.

ఇల్లు పొలాల వెనకే, పది నిమిషాలు. వెనక వసారాలో అన్సెల్మో బకెట్లు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఉన్నాయి. పాత టైరు కోసి చేసినవి. అంచుల్లో సిమెంటు గట్టిపడి ఉంది. రెండేళ్ళుగా వాటిని ఎవరూ కదపలేదు. ఊడ్చేటప్పుడు కూడా చుట్టూ ఊడ్చేది. ఇప్పుడు ఒక్కొక్కటే ఊడదీసింది. కావడి కర్ర గోడకే ఆనించి ఉంది.

మట్టిముద్దతో సహా దుబ్బుల్ని పెకలించి బకెట్లలో దింపారు. సలుద్ ఒకటి పట్టుకోబోతే మెన్సియా వద్దంది. రెండు చివర్లా రెండు బకెట్లు తగిలించి కావడి భుజాన వేసుకుంది. మొదటి విడతలో అడుగులు తడబడ్డాయి. రెండో విడతకు ఊపు దొరికింది. బరువు ముందుకు ఊగేటప్పుడు అడుగు వెయ్యాలి, వెనక్కి వచ్చేటప్పుడు కాదు. అతను నడిచేటప్పుడు చూసి చూసి ఆమె కంటికి తెలిసినదే, ఇప్పుడు భుజానికి తెలిసింది. ఆఖరి విడతలో మిగిలింది ఒక్క బకెట్టే కాబట్టి, పన్నెండోదాంట్లో వట్టి బురద నింపి రెండో చివర తగిలించింది. వెనక బాతులు మూడో మడిలోకి విరుచుకుపడ్డాయి.

మర్నాడు ఒడెట్ పదకొండు బిళ్ళలకూ రంగు వేసి పళ్ళెం పట్టుకొచ్చింది. పది పాలిపోయి ఉన్నాయి. ఒకటి ఎర్రబడింది.

"ఇరవై తొమ్మిదోది" అంది మెన్సియా, చెప్పకముందే.

"అవును. అది నిలబడ్డదే. ఒకటి తప్పావు మానాంగ్."

"నలభైకి ఒకటి. నీ ఇరవై పేజీల్లో ఎన్ని తప్పులు కొట్టేశారు?"

ఒడెట్ నోట్లో రొట్టెతో నవ్వింది. "అది మాత్రం అడక్కు."

పది బకెట్లూ వల పాకలో వరసగా నిలబడ్డాయి. వారానికి మొదళ్ళ పక్కనుంచి పచ్చటి మొనలు లేచాయి. నవంబరులో పెద్ద తుఫాను వచ్చి సరస్సు పొంగింది. మెన్సియా, సలుద్ కలిసి ముందురోజే బకెట్లను పాకలోని బల్లల మీదికి ఎక్కించారు. గాలి తగ్గాక చూస్తే పిలకలన్నీ బకెట్ల అంచుల మీంచి కిందికి వాలి ఉన్నాయి. గాలి వల్ల కాదు. అవి అంతే. మెన్సియా వెదురు పుల్లలు చీల్చి, ఒక్కో పిలకకు పక్కన గుచ్చి, వదులుగా పీలికతో కట్టింది. బిగించి కడితే కోసుకుపోతుంది. ఎంత వదులుగా కట్టాలో ఆమెకు తెలుసు.

"మానాంగ్, వీటికి అన్నం కూడా తినిపిస్తావా?" అంది సలుద్.

"అడిగితే తినిపిస్తాను. నీలా అడక్కుండా తినేవి కావు ఇవి."

డిసెంబరు మొదటి వారంలో గింజ రంగు తిరిగింది. చిన్న వెన్నులు, ఒక్కోదానికి ఇరవై, ముప్ఫై గింజలు. కొన్ని తాలు. గడువుకు ఇంకా మూడు వారాలుంది. ఒడెట్ ప్యాకెట్లు ఇచ్చి ఈసారి ఏమీ చెప్పలేదు. గుమ్మం దగ్గర నిలబడి రొట్టె తింటూ చూస్తూ ఉండిపోయింది.

మెన్సియా మొదటి బకెట్టు దగ్గర కూర్చుంది. కట్టు విప్పితే కాడ ఆమె మణికట్టు మీదికి వాలిపోయింది. దాన్ని అలాగే ఎడమచేతి మీద పడుకోనిచ్చి, కుడిచేత్తో వెన్నును లాగి రేకుకు ఆనించింది. టిక్కుమనలేదు. చప్పుడే లేకుండా తెగింది. గింజ ఒక్కటీ రాల్లేదు. రెండోది, మూడోది. సలుద్ నెంబర్లు రాస్తూ అందుకుంది. తాలు పోగా పది దుబ్బులకూ పది ప్యాకెట్లు, ఒక్కోదాంట్లో పిడికెడైనా లేదు. ఒడెట్‌కు కావలసినదానికి అది చాలు.

పది ప్యాకెట్లూ సలుద్ ఒకచోట చేర్చి పెట్టె మూత తియ్యబోయింది. "ఉండు" అని మెన్సియా వాటిని రెండు చేతుల్లోకి తీసుకుంది. అవి దూదంత బరువున్నాయి. వాటిని గుండెకు ఆనించుకుని, తన ఊరి మాటలో, పక్కవాళ్ళకు వినపడనంత మెల్లగా, "రా, ఇంటికి పోదాం" అంది. పెట్టె దాకా తనే మోసుకెళ్ళింది.